భాషలు రాకపోతే రక్షణ లేదంటున్న అత్తగారితో ఎలా మాట్లాడాలి?

మీరు రెండు సంగతులు అడిగారండీ. విజయవాడలో మీ అత్తగారు ఈమధ్య ఒక కొత్త ప్రార్థన కూడికకు వెళ్తున్నారు. చిన్నప్పుడు తీసుకున్న బాప్తిస్మం చెల్లదని, అన్యభాషలు (ఆత్మ వశంలో, నేర్చుకోని భాషల్లో ప్రార్థించడం) రాకపోతే రక్షణే, అంటే పాపక్షమాపణా నిత్యజీవమూ, లేదని అక్కడ చెప్పారు, ఇంటికొచ్చి అందరినీ అదే మాట అంటున్నారు. ఆవిడకి ఎలా నచ్చజెప్పాలి అన్నది మొదటిది. ఆ మాటలు వినీ వినీ నా రక్షణ మీద నాకే అనుమానమొస్తోంది అన్నది రెండోది. నేను రెండోదానితో మొదలుపెడతాను. అది తేలకపోతే మీ ఇంట్లో భయపడేవాళ్లు ఇద్దరవుతారు, అంతే.

మాది గుంటూరు, మార్టిన్ లూథర్ బోధను పాటించే లూథరన్ కుటుంబం. 1842లో ఫాదర్ హయ్యర్ అనే లూథరన్ మిషనరీ ఇక్కడికొచ్చి మొదలుపెట్టిన మిషన్‌లోంచి వచ్చినవాళ్లం. చిలకరింపు బాప్తిస్మం, పెద్దయ్యాక విశ్వాసాన్ని స్వయంగా ఒప్పుకోవడానికి సిద్ధం చేసే కన్ఫర్మేషన్ క్లాసు, పాస్టరు అయ్యగారి ప్రసంగం, వీటి మధ్య పెరిగాను. నా జవాబులో ఆ వాసన ఉంటుంది, ముందే చెప్తున్నా.

యోహాను తన మొదటి పత్రిక ఎందుకు రాశాడో 5:13లో తనే చెప్తాడు. కుమారుని నామమందు విశ్వాసముంచినవాళ్లు తమకు నిత్యజీవం ఉందని తెలుసుకోవాలని. అంటే ఇది చచ్చేదాకా తేలని లెక్క కాదు. అయితే ఎక్కడ చూసి తెలుసుకోవాలి? మన లోపలికి చూసుకుంటే ఒకరోజు ఉన్నట్టుంటుంది, ఒకరోజు లేనట్టుంటుంది. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ సంగతే చూడండి. 1738 మే 24న లండన్‌లో ఒక కూడికలో కూర్చుని, రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాట ఎవరో చదువుతుంటే విన్నాడు. హృదయం వెచ్చబడింది, క్రీస్తు నా పాపాలే తీసేశాడన్న నిశ్చయత కలిగింది అని రాసుకున్నాడు. అప్పటికే ఆయన చాలా ఏళ్లుగా చర్చి పాదిరి. అదే మనిషి 1739 జనవరిలో, నేనింకా క్రైస్తవుణ్ణి కాను అని అదే దినచర్యలో రాశాడు! అనుభూతి మీద ఆనుకుంటే వెస్లీ అంతటివాడికే ఆ పరిస్థితి. యోహాను 10:28లో ప్రభువు, నా చేతిలోంచి వాళ్లను ఎవడూ లాక్కోలేడు అన్నాడు. పట్టుకున్నది ఆయన. మన పట్టు ఎంత గట్టిదన్న లెక్క అక్కడ లేదు. బాప్తిస్మం కూడా అంతే. పాపం, మనస్సాక్షి మీదికొచ్చినప్పుడు "అయినా నేను బాప్తిస్మం పొందినవాణ్ణి" అని జవాబు చెప్పమని లూథర్ 1529లో పెద్ద ప్రశ్నోత్తరిలో నేర్పాడు.

(గుణదల కొండెక్కే మన కేథలిక్ బంధువులు నిశ్చయత విషయం వేరే రకంగా చెప్తారు. 1547లో వాళ్ల సంఘపు ట్రెంట్ మహాసభ దాని మీద తీర్మానమే చేసింది. ఆ తగువు ఇక్కడ పెట్టుకోను.)

ఇక మీ అత్తగారి సంగతి. మా పెద్దమ్మకీ ఇలాంటి కూడికలోనే ఇదే మాట చెప్పారు. నాలుక తిరిగేదాకా హల్లెలూయ, హల్లెలూయ అని గబగబా అంటూ ఉండమన్నారు, భాషలు వాటంతటవే వస్తాయట. ఆవిడకి రాలేదు. రాత్రిళ్లు లేచి మోకాళ్ల మీద కూర్చుని ఏడ్చేది. పగలు మాత్రం మా అందరి మీదా విరుచుకుపడేది. మా పెదనాన్న, అన్నయ్య కలిసి అన్నం దగ్గర వాక్యాలతో వాక్యాలు కొట్టించారు. ఆవిడ కంచం వదిలేసి లేచిపోయింది.

ఒకరోజు ఆవిడ బైబిలు చేతికి తీసుకుని తిప్పాను. నీలం పెన్నుతో గీతలు. మత్తయి 7లో "నేను మిమ్మును ఎన్నడును ఎరుగను" దగ్గర రెండు గీతలు, ప్రకటన 3లో నులివెచ్చగా ఉన్నారని ప్రభువు గద్దించిన లవొదికయ సంఘం దగ్గర ఒకటి, హెబ్రీ 6లో విశ్వాసం నుంచి తప్పిపోయినవాళ్లను మళ్లీ మార్చడం అసాధ్యమన్న మాట దగ్గర కాగితం చిరిగేంత గీత. యోహాను సువార్త మొత్తం తెల్లగా ఉంది. అప్పుడర్థమైంది, ఆవిణ్ణి పట్టి ఉంచింది బోధ కాదు, భయం. భయపడేవాళ్ల మీద వాదన గెలిస్తే ఆ భయం ఇంకా పెరుగుతుంది.

వంటింట్లో, ఎవరూ లేనప్పుడు అడిగాను, "పెద్దమ్మా, ఈ రాత్రి ప్రభువు పిలిస్తే ఏమవుతుందని నీ భయం?" అని. చాలాసేపు చిక్కుడుకాయలు ఒలుస్తూనే ఉంది. తర్వాత, "నాకు భాషలు రాలేదు కదరా, ఆయన నన్ను ఎరగనంటే?" అంది. హెబ్రీ 6 తీసి తొమ్మిదో వచనం చదవమన్నాను. అంత భయంకరంగా చెప్పిన ఆ రచయితే, మీరు ఇంతకంటే మంచి స్థితిలో, రక్షణకరమైన స్థితిలోనే ఉన్నారని రూఢిగా నమ్ముతున్నాం అంటాడు. ఆవిడ గీత ఆరో వచనం దగ్గరే ఆగిపోయింది. ఆ తర్వాత 1 యోహాను మొత్తం, రోజుకి కొంచెం, వరసగా చదువుకున్నాం. ఒక్కో వాక్యం పీకి చూపించడం మానేశాం. ప్రభువు పరదైసు మాటిచ్చిన సిలువ మీద దొంగకి బాప్తిస్మం లేదు, భాషలు లేవు అన్న సంగతి ఆవిడే పట్టుకుంది. నేను కలిపింది 1 కొరింథీ 12:30 ఒక్కటే. అందరూ భాషలతో మాట్లాడుతున్నారా అని పౌలు అడిగిన తీరులోనే జవాబు ఉంది. ఆ వరమే లేదని మాత్రం నేననను, మీరూ అనొద్దు. అంటే మాట అక్కడితో తెగిపోతుంది.

తొలి సంఘంలో అపొల్లో అనే బోధకుడు సగమే తెలిసి సమాజమందిరంలో ధైర్యంగా బోధిస్తుంటే ప్రిస్కిల్ల, అకుల అనే దంపతులు ఆయన్ని నలుగురిలో నిలబెట్టి దులపలేదు. పక్కకు చేర్చుకుని మరింత పూర్తిగా విడమరిచి చెప్పారు (అపొస్తలుల కార్యములు 18:26). మీరూ కోడలిగా అదే చేయండి. వాళ్ల పాస్టరు గారిని ఒక్క మాటా అనొద్దు, అంటే ఆవిడ ఆయన పక్షం వహించక తప్పదు.

మా పెద్దమ్మ ఇప్పటికీ ఆ కూడికకి శుక్రవారాలు వెళ్తుంది, అక్కడ పాటలు బాగుంటాయట. రాత్రిళ్లు మాత్రం నిద్రపోతోంది. మేం మాన్పించలేదు, మాన్పించాలనీ అనుకోలేదు.

మెత్తదనం పనికిరాని చోటు మాత్రం ఒకటుంది. స్వస్థత పేరుతో బీపీ మాత్రలో, షుగరు మాత్రలో ఆపించారేమో ముందు కనుక్కోండి. ఆపి ఉంటే లేఖనాల సంగతి తర్వాత, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. బంగారం, ఇంటి కాగితాలు అడిగితే మామయ్యగారికి చెప్పండి.