రాత్రి స్క్రిప్ట్ పెట్టి పడుకునే ముందు డిస్క్ చూడండి

స్లో అయిపోయిన, వైరస్ పట్టిన కంప్యూటర్లను ఒక్క స్క్రిప్ట్‌కి (కమాండ్లను వరసగా తనే నడిపే ఫైల్‌కి) అప్పగించి పడుకుంటే పొద్దునకల్లా బాగవుతాయా అని అడిగారు. విండోస్ అయితే చాలావరకు అవుతాయి, నేనూ అలాగే చేస్తాను. కాకపోతే మొదటి పని క్లీనింగ్ కాకూడదు.

ఈ సంగతి తెలియక మా చెల్లి లాప్‌టాప్ పాడుచేశాను. ఫోల్డర్ తెరుచుకోవడానికే నిమిషం పట్టేది. వైరసే అనుకుని టెంప్ ఫైళ్లు తుడవడం, ఫుల్ స్కాన్, చెక్‌డిస్క్ (డిస్క్‌లో తప్పులు వెతికే విండోస్ టూల్) వరసగా పెట్టేసి పడుకున్నాను. తెల్లారి చూస్తే స్క్రీన్ మీద శాతం అంకె కదలడం లేదు, లోపలి నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు. హార్డ్ డిస్కే పోతోంది. ఫుల్ స్కాన్ డిస్క్‌లోని ఫైళ్లన్నీ తిరగేస్తుంది. చెక్‌డిస్క్‌కి ఆర్ స్విచ్ (/r) ఇస్తే చెడ్డ సెక్టార్ల (డేటా ఉండే చిన్న చిన్న గడుల) కోసం డిస్క్ మొత్తం చదువుతుంది. కొన ఊపిరితో ఉన్న డిస్క్‌తో రాత్రంతా ఆ చాకిరీ చేయించాను. ముందురోజే కాపీ చేసి ఉంటే చెల్లి కాలేజీ ఫొటోలు దక్కేవేమో. ఆ బాధ ఇంకా పోలేదు.

ఇప్పుడు నా స్క్రిప్ట్ (విండోస్ బ్యాచ్ ఫైల్) ముందు స్మార్ట్‌సీటీఎల్ అనే ఉచిత టూల్‌తో డిస్క్ ఆరోగ్యం చెప్పే రీడింగ్ తీస్తుంది. రీఅలోకేటెడ్ (పాడై పక్కన పెట్టినవి), పెండింగ్ (చదవలేక అనుమానంలో ఉన్నవి) సెక్టార్ల లెక్కల్లో ఏ ఒక్కటి సున్నా కాకపోయినా అక్కడే ఆగిపోతుంది. కళ్లతో చూసుకోవాలంటే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్ చాలు, తేడా ఉంటే పసుపు రంగులో చూపిస్తుంది. ఆగిందంటే ఫైళ్లు బయటికి తీసి డిస్క్ మార్చడమే.

డిస్క్ బాగుంటే రిస్టోర్ పాయింట్ (తేడా వస్తే విండోస్‌ని వెనక్కి తీసుకెళ్లే గుర్తు) పెట్టి, వైరస్ పని చూడాలి. విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్‌ను పవర్‌షెల్ అనే కమాండ్ విండో నుంచే మొదలుపెట్టొచ్చు. సిస్టమ్ రీస్టార్ట్ అయి, విండోస్ లోడ్ కాకముందే వెతుకుతుంది కాబట్టి నక్కి ఉన్నవీ దొరుకుతాయి. మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ వాడితే గుర్తుంచుకోండి, డౌన్‌లోడ్ చేసిన 10 రోజులకు అది పనిచేయదు. పెన్‌డ్రైవ్‌లో పాతది పెట్టుకుని లాభం లేదు.

ఇక పాడైన విండోస్ ఫైళ్ల రిపేర్‌లో చాలామంది ఎస్‌ఎఫ్‌సీ అనే కమాండ్ ముందు నడుపుతారు. ముందు డిస్మ్ రిస్టోర్‌హెల్త్ అనే కమాండ్ నడపండి. ఎస్‌ఎఫ్‌సీ మంచి ఫైళ్లను తెచ్చుకునేది కాంపోనెంట్ స్టోర్ (విండోస్ తన ఫైళ్ల మంచి కాపీలు దాచుకునే చోటు) నుంచి, డిస్మ్ బాగుచేసేది ఆ స్టోర్‌నే.

పాస్‌వర్డులు దొంగిలించే రకం వైరస్ దొరికితే మాత్రం నేను స్క్రిప్ట్‌ని నమ్మను. ముఖ్యమైన ఫైళ్లు తీసి ఫార్మాట్ కొట్టేస్తాను, పాస్‌వర్డులన్నీ వేరే కంప్యూటర్ నుంచి మారుస్తాను.