పిల్లల్ని వెంటబెట్టుకుని జర్మనీకి: మా అమ్మాయిని పంపమంటారా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. మా అమ్మాయి ఎమ్మెస్సీ బోటనీ, బీఎడ్ చేసి బరంపురంలో ఒక ప్రైవేటు సీబీఎస్ఈ స్కూల్లో మూడేళ్లుగా టీచరుగా చేస్తోంది. వచ్చే మే నెలలో ఆ స్కూలు నుంచి పదహారు మంది పిల్లలు ఎక్స్ఛేంజ్ మీద రెండు వారాలు జర్మనీ వెళ్తున్నారు. అక్కడి విద్యార్థుల ఇళ్లలోనే ఉంటారట. వెంట వెళ్లే ఇద్దరు టీచర్లలో మా అమ్మాయి ఒకరు. తను సంబరపడుతోంది కానీ నాకే టెన్షన్‌గా ఉంది. అక్కడ ఏ పిల్లకైనా ఏమైనా అయితే ఈమె మెడకు చుట్టుకోదా? ప్రభుత్వ ఉద్యోగానికి చదువుకోవలసిన సమయం ఇది, పైగా సంబంధాలు చూస్తున్నాం. ఈ ప్రయాణం వల్ల తన కెరీర్‌కు నిజంగా ఉపయోగం ఉంటుందా?

జవాబు: పంపండి. అయితే స్కూలుతో తేల్చుకోవలసినవన్నీ టికెట్లు కొనకముందే తేల్చుకోమనండి.

మెడకు చుట్టుకుంటుందేమో అన్న మీ భయం సబబైనదే, ముందు దాని సంగతి చూద్దాం. వెంట వెళ్లే టీచరుకు అది విహారయాత్ర కాదు, రెండు వారాల పాటు రాత్రీ పగలూ డ్యూటీ. పిల్లలు తలో ఇంట్లో ఉంటారు కాబట్టి రాత్రిపూట వాళ్లు తన కళ్ల ముందు ఉండరు. ఇబ్బందులు మొదలయ్యేది కూడా రాత్రిపూటే. ఒక పిల్లాడు మూడు రోజులుగా బ్రెడ్డు తప్ప ఏమీ ముట్టడు, ఆ విషయం ఎవరికీ చెప్పడు. ఒక పిల్లకు నెలసరి వస్తుంది, పరాయి ఇంట్లో అడగడానికి నోరు రాదు. మే నెలలో జర్మనీలో రాత్రి ఎనిమిదైతే మనకు పదకొండున్నర. ఇక్కడ నిద్రపట్టని తల్లి అప్పుడే ఫోన్ చేసి, పిల్ల ఫోన్ ఎత్తలేదని ఏడుస్తుంది. పిల్ల ఆ ఇంటివాళ్లతో కూర్చుని భోంచేస్తూ ఉంటుంది, అంతే. ఆ తల్లికి సర్దిచెప్పాల్సింది మీ అమ్మాయే. అందుకే తల్లిదండ్రులకు రోజూ ఫలానా వేళకు గ్రూపులో మెసేజ్ పెడతానని బయలుదేరకముందే చెప్పి, ఆ మాట తప్పకుండా చూసుకోమనండి. సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

ఇక స్కూలు నుంచి కాగితం మీద తీసుకోవలసినవి. ఈ రెండు వారాలూ ఆన్ డ్యూటీ అని ఆర్డరు ఉండాలి. ఖర్చు ఎవరిదో, వెళ్లే ఇద్దరిలో ఎవరికి ఏ ఎనిమిది మంది బాధ్యతో, అర్ధరాత్రి నిర్ణయం తీసుకోవలసి వస్తే ఇక్కడ ఎవరికి ఫోన్ చేయాలో అందులో రాయించుకోవాలి. ప్రతి పిల్లకూ ఒక షీటు తయారుచేసుకోవాలి: బ్లడ్ గ్రూపు, పడని మందులు, తిండి నియమాలు, ఇద్దరు పెద్దల నంబర్లు, అత్యవసరమైతే వైద్యం చేయించడానికి తల్లిదండ్రులిద్దరి సంతకాలతో అంగీకార పత్రం. యూరప్ అంతటా ఎమర్జెన్సీ నంబరు 112, అది పిల్లలందరికీ నోటికి రావాలి. షెంగెన్ వీసాకు (జర్మనీతో పాటు చాలా యూరప్ దేశాలకు చెల్లే ఉమ్మడి వీసా) కనీసం 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. అది పిల్లలకే కాదు, టీచర్లకూ తీసుకున్నారో లేదో పాలసీ కాగితంలో పేరు చూసుకుంటేనే తెలుస్తుంది, ఎవరో చెప్పిన మాట చాలదు. ఇవన్నీ అడిగితే స్కూలువాళ్లు ఏమనుకుంటారో అని మీ అమ్మాయి మొహమాటపడొచ్చు. పిల్లల్ని పంపే స్కూలుకు ఇవన్నీ తెలిసే ఉండాలి. అడిగితే చిరాకుపడే స్కూలైతే నేను కూడా వద్దనే అంటాను.

ఒక మేలైన సంగతి చాలామందికి తెలియదు. చదువు కోసం వెళ్లే స్కూలు పిల్లలకూ, వాళ్ల వెంట వెళ్లే టీచర్లకూ షెంగెన్ వీసా ఫీజు మినహాయింపు ఉంది. దరఖాస్తు తీసుకునే కేంద్రం సర్వీసు చార్జీ వేరు, అది కట్టాలి. తల్లిదండ్రుల దగ్గర డబ్బు వసూలు చేయకముందే ఈ సంగతి ప్రిన్సిపాల్‌ చెవిన వేయమనండి. పదహారు కుటుంబాలకు మేలు జరుగుతుంది.

మన సరిహద్దు ఊళ్లవాళ్లకు మాత్రం అసలు చిక్కు పేర్ల దగ్గర వస్తుంది. ఆంధ్రలో పాతపట్నం వైపు చదివినవాళ్ల సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందుంటుంది, ఒడిశా బోర్డు మార్కుల జాబితాలో చివర ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం మిగులుతుంది. పాస్‌పోర్టులో ఇనిషియల్స్ ఒప్పుకోరు, పూర్తి పేరు రాయాల్సిందే. మీ అమ్మాయికి పాస్‌పోర్టు లేకపోతే ఈ వారమే పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చి చూడండి. తేడా ఉంటే ముందు ఆధార్ సరిచేయించి, ఆ తర్వాతే దరఖాస్తు చేయండి. పాస్‌పోర్టు ఉంటే జర్మనీ నుంచి తిరిగొచ్చే రోజు తర్వాత కనీసం మూడు నెలల గడువు ఉందో లేదో చూడండి. వీసా దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ పెట్టుకోవచ్చు. చివరి పదిహేను రోజులదాకా ఆగితే తీసుకోరు.

ఇప్పుడు కెరీర్ మాట. ప్రభుత్వ టీచరు ఉద్యోగాలకు చూసేది అర్హతలు, టెట్, రాత పరీక్ష. జర్మనీ వెళ్లొచ్చినందుకు అక్కడ ఒక్క మార్కూ కలవదు. ఇది మీకు నచ్చకపోయినా ఉన్నమాట. కానీ ఈ రెండు వారాల వల్ల ఆ తయారీకి వచ్చే నష్టం కూడా ఏమీ లేదు. సీటెట్ (కేంద్ర స్థాయి టెట్) ఒకసారి పాసైతే సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది, కేంద్రీయ, నవోదయ విద్యాలయాల్లో పదో తరగతి దాకా చెప్పే టీచరు పోస్టులకు అది కావాలి. ఒడిశా రాష్ట్ర పోస్టులు కూడా మనసులో ఉంటే ఒడియా సబ్జెక్టుగా పాసైన సర్టిఫికెట్ తన దగ్గర ఉందో లేదో చూసుకోమనండి. తెలుగు మీడియంలో చదివిన మన పిల్లలు నోటిఫికేషన్ వచ్చాక గాని దీని గురించి వెతుక్కోరు.

ఈ అనుభవానికి విలువ కట్టే చోట్లు వేరే ఉన్నాయి. హైదరాబాద్, బెంగళూరుల్లోని ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియట్), కేంబ్రిడ్జి లాంటి అంతర్జాతీయ సిలబస్ స్కూళ్లు టీచర్ని తీసుకునేటప్పుడు ఇలాంటి పని చేసినవాళ్ల కోసం చూస్తాయి. అలాగని ‘జర్మనీ వెళ్లొచ్చాను’ అని బయోడేటాలో ఒక లైను రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఏం ప్లాన్ చేసింది, ఏ ఇబ్బందిని ఎలా పరిష్కరించింది, అక్కడి క్లాసులో బోటనీ ఎలా చెబుతున్నారో చూసి తన క్లాసులో ఏం మార్చింది అన్నవి చెప్పగలగాలి. అందుకని రోజూ రాత్రి అరపేజీ రాసుకోమనండి. జర్మన్ స్కూలు టీచరు ఎవరైనా ఒప్పుకుంటే ఒక పాఠం కలిసి చెప్పమనండి, తిరిగొచ్చేటప్పుడు ఆ స్కూలు లెటర్‌హెడ్ మీద రెండు మాటలు రాయించుకోమనండి.

నా దృష్టిలో మీ అమ్మాయికి అసలైన అవకాశం ఆ తర్వాత వస్తుంది. ఎక్స్ఛేంజ్ అంటే అక్కడి పిల్లలు కూడా ఇక్కడికి రావాలి. వాళ్లు మన ఇళ్లలో ఉండే ఆ రెండు వారాలు ఎవరు నడిపిస్తారు? ఆ బాధ్యత తనకే ఇమ్మని ముందే అడగమనండి. బరంపురం చుట్టుపక్కల చూపించడానికి లేనిదేముంది? చిలికా ఉంది. రుషికుల్య దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం ఉంది. బరంపురం పట్టు నేసే మగ్గాలు, పశువుల కొమ్ములతో బొమ్మలు చేసే మీ పర్లాకిమిడి పనివాళ్లు, సవరల గోడ బొమ్మలు, జిరంగలో టిబెటన్ల బౌద్ధ మఠం ఉన్నాయి. బోటనీ టీచరు చేతుల్లో ఇది చక్కటి ప్రాజెక్టు అవుతుంది. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, స్కూల్లో హిందీ, ఇంగ్లిషు మాట్లాడుతూ పెరిగిన పిల్ల కాబట్టి నలుగురి మధ్య మాట అటూ ఇటూ చేరవేయడం తనకు చిన్ననాటి నుంచీ అలవాటే. ఎక్స్ఛేంజ్ కోఆర్డినేటర్‌కు కావలసిన మొదటి గుణం అదే. రెండుసార్లు సవ్యంగా నడిపిందంటే ఆ స్కూల్లో ఆ బాధ్యతకు మరొకరిని వెతుక్కోరు.

ఇలాంటి దారులు ప్రైవేటు స్కూళ్లకే కాదు. జపాన్ ప్రభుత్వ సంస్థ నడిపే సకురా సైన్స్ కార్యక్రమంలో 2016 నుంచి మన దేశపు స్కూలు పిల్లలు పాల్గొంటున్నారు, వాళ్ల వెంట సూపర్‌వైజర్లుగా పెద్దవాళ్లు వెళ్తారు. రేపు కేంద్రీయ విద్యాలయంలో ఉద్యోగం వచ్చినా ఈ అనుభవం వృథా కాదు.

సంబంధాల విషయం. చూడటానికి వచ్చేవాళ్లతో ‘మా అమ్మాయి స్కూలు తరఫున పిల్లల్ని తీసుకుని జర్మనీ వెళ్తోంది, ముందుముందు కూడా ఇలాంటి పనులుంటాయి’ అని మొదటి మాటల్లోనే చెప్పండి. దానికి మొహం చిట్లించే ఇల్లేదో పెళ్లికి ముందే తెలిసిపోతుంది.