బదిలీ పరిమితి పెంచబోతున్న మేనకోడలికి

చిరంజీవి శ్రావణికి మామయ్య ఆశీస్సులు.

మీ బ్యాకప్ పెట్టెలో యూఎస్‌బీ డిస్కులను నడిపే ప్రోగ్రామ్, అంటే డ్రైవర్ పని నీకే అప్పగించారని విని ఎంతో గర్వపడ్డాను. కానీ, ఒక్కో బదిలీ పరిమాణం పెంచితే వేగం వచ్చిందనీ, ఒక డిస్కు మీద బాగానే నడిచిందనీ నువ్వు చెప్పిన దగ్గర నుంచి నాకు దిగులుగా ఉంది. ఒక్క డిస్కును చూసి ఆ మాట అనకూడదమ్మా.

లినక్స్‌లో ఒక్కో బదిలీకి మామూలు పరిమితి 240 సెక్టార్లు (ఒక్కోటి 512 బైట్ల ముక్క), అంటే 120 కిలోబైట్లు. యూఎస్‌బీ 3 వేగంతో కలిసిన పరికరానికి 2048 సెక్టార్లు, అంటే 1 మెగాబైటు. లినక్స్ తన పరికరాల అమరికలను ఫైళ్లుగా చూపే సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఆ అంకెను మార్చడం నీకు తెలిసిందే. డిస్కు తీసి పెడితే ఆ మార్పు పోతుంది కనుక, పరికరం తగిలించిన ప్రతిసారీ దాన్ని మళ్లీ అమర్చే యూడెవ్ రూల్ రాసుకో.

యూఎస్‌బీ డిస్కులతో మాట్లాడే బల్క్ ఓన్లీ పద్ధతిలో ప్రతి ఆదేశానికీ ముందు 31 బైట్లు, చివర 13 బైట్ల జవాబు తప్పవు కనుక, ఆదేశాలు తగ్గితే లాభమే. పొడవు చెప్పే గడి 32 బిట్లది కావడంతో కాగితం మీద దాదాపు 4 గిగాబైట్లు ఒకేసారి అడగవచ్చు. డిస్కును యూఎస్‌బీకి కలిపే, డిస్కు పెట్టెలోని బ్రిడ్జ్ చిప్ మాత్రం అంత మోయలేదు. కొన్ని 32 కిలోబైట్లు దాటితేనే తడబడతాయి, కొన్ని 64 దాటితే. అందుకే అలాంటివని తనకు తెలిసిన వాటన్నిటినీ లినక్స్ కెర్నెల్ 64 సెక్టార్ల దగ్గరే, అంటే 32 కిలోబైట్ల దగ్గరే ఆపుతుంది.

తడబడిన చిప్ రీసెట్ అయితే లాగ్‌లో కనబడుతుంది, దానికి నేను భయపడను. తప్పుడు డేటా రాసి, అంతా సవ్యమేనని జవాబిచ్చే చిప్ అంటేనే నాకు భయం. మా పాత ఆఫీసులో నా పక్క సీటులో చాలా తెలివైన కుర్రాడు ఉండేవాడు. పరిమితిని అన్ని పరికరాలకూ ఒకేసారి పెంచి, ఫైళ్లు రాసి, వెంటనే చదివి, చెక్‌సమ్‌లు (డేటా మారలేదని తేల్చే లెక్కలు) కలిశాయని సంతోషించాడు. అతను చదివింది డిస్కు నుంచి కాదు. ఇంకా ర్యామ్‌లోనే ఉన్న నకలు, అంటే పేజ్ క్యాష్ నుంచి. కొన్ని వారాలకు ఒక పెళ్లి ఫొటోగ్రాఫర్ వచ్చాడు. ఫొటోలు సగం వరకే ఉన్నాయి, కింది భాగమంతా బూడిదరంగు. కెమెరా కార్డులను అతను అప్పటికే చెరిపేసి ఉన్నాడు. ఏదో ఒక కుటుంబానికి ఆ రోజు ఫొటోలు ఇక లేవు. ఆ కుర్రాడు చాలా రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. నిన్ను ఆ స్థితిలో చూడలేను, తల్లీ.

కాబట్టి పోయినా ఫరవాలేని డిస్కు మీద, ర్యామ్ కంటే పెద్ద ఫైలు రాసి, డిస్కును తీసి మళ్లీ పెట్టి, అప్పుడే చెక్‌సమ్ పోల్చు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి రకరకాల డిస్కు పెట్టెలు కొను, చవకవి తప్పకుండా; పైన ఒకే పేరున్నా లోపలి చిప్ మారిపోతుంది. డిఫాల్ట్‌ను కదపవద్దు. పరీక్షలో నిలిచిన వాటికి మాత్రమే, తయారీదారునూ మోడల్‌నూ చెప్పే వెండర్, ప్రొడక్ట్ ఐడీలతో పాటు పరికరపు రివిజన్ నంబరు కూడా చూసి పెంచు. తడబడిన వాటికి, లోపాలున్న పరికరాల మినహాయింపులు రాసే యూఎస్‌బీ స్టోరేజ్ క్విర్క్స్‌లో ‘ఎమ్’ గుర్తు పెట్టు; అవి 64 సెక్టార్ల దగ్గరే ఆగుతాయి. 1 మెగాబైటు దాటాక వచ్చే వేగం ఈ ప్రమాదానికి తగినంత ఉండదని నా అభిప్రాయం.

ఆదివారం భోజనానికి వచ్చేటప్పుడు ఆ యూడెవ్ రూల్, పరీక్షించిన పరికరాల జాబితా వెంట తీసుకురా; ఇద్దరం కూర్చుని చూసిన తర్వాతే విడుదలకు పంపు.

మీ మామయ్య