కుట్టుమిషన్ పాతదే, కానీ వందేళ్లది కాదండీ

మీరు కొన్న పాత కుట్టుమిషన్ గురించి అడుగుతూ పెట్టిన ఫొటో జూమ్ చేసి చూశా. అమ్మినాయన వందేళ్ల నాటి సింగర్ కంపెనీ మిషన్ అన్నాడన్నారు కదా, బెడ్ మీద, అంటే గుడ్డ పరిచే కింది పలక మీద, కుడిపక్క కొంచెం ఎత్తుగా ఉన్నచోట కొట్టిన నంబర్ ఈఈ (EE) అని ఇంగ్లిష్ అక్షరాలతో మొదలైంది, అంటే అది స్కాట్లాండ్‌లో క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీది, ఈ తో మొదలయ్యే రెండక్షరాల సిరీస్ వచ్చిందే 1935 ప్రాంతంలో కాబట్టి వందేళ్లు కుదరదు, 1940ల్లోది. అయినా మంచి మిషనే, బాధపడకండి.

రీపెయింటా ఒరిజినలా అన్నారు కదా, స్క్రూల గాడిలో నల్లరంగు నిండిపోయి ఉంది చూడండి, అది కొత్త రంగే. బంగారు డిజైన్ అంచుని గోటితో మెల్లగా తడమండి, మెట్టులా తగిలితే కొత్త స్టిక్కర్. ఏళ్లకొద్దీ కుట్టిన మిషన్‌కి బెడ్ ముందు అంచున, గుడ్డా చెయ్యీ రాసుకునే చోట, డిజైన్ అరిగి వెండిరంగులోకి వస్తుంది, నాకైతే ఆ అరుగుదలే అందం.

ఇక చక్రం బిగుసుగా తిరుగుతోందన్నారు కదా. ఎవరో కొబ్బరినూనో వంటనూనో పోసుంటారు, అది జిగురులా గట్టిపడుతుంది. నూనె రంధ్రాల్లో, షటిల్ (కింద దారం బాబిన్ ఉండే భాగం) దగ్గర కిరోసిన్ చుక్కలు వేసి రాత్రంతా వదిలి, పొద్దున చేత్తో ముందుకీ వెనక్కీ తిప్పుతూ తుడిచేసి, మిషన్ ఆయిల్ వెయ్యండి. ఒక్కసారికి వదలకపోతే మళ్లీ చెయ్యండి, బలవంతంగా మాత్రం తిప్పొద్దు. పాత డిజైన్ ఎక్కడైనా మిగిలుంటే స్పిరిట్ అస్సలు తగలనివ్వకండి, పైపూత కరిగిపోతుంది.