అత్తయ్యగారితో బీరు పండక్కి వెళ్లొచ్చా?

ప్రశ్న: మేము జర్మనీలో స్టుట్‌గార్ట్‌లో ఉంటున్నాం. ఏప్రిల్‌లో ఇక్కడ ఫ్రూలింగ్స్‌ఫెస్ట్ అని వసంతకాలపు పండగ మొదలవుతుంది, క్లాసులో అందరూ వెళ్తున్నారని మా పెద్దాడు ఒకటే గొడవ. చిన్నదానికి నాలుగేళ్లు. ఇండియా నుంచి అత్తయ్యగారు వచ్చి ఉన్నారు, ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. అది తాగేవాళ్ల పండగ అంటున్నారు, ఆవిడని తీసుకెళ్తే బాగుంటుందా? - ఓ పాఠకురాలు

జవాబు: నిక్షేపంగా తీసుకెళ్లండి. బీరు టెంట్లు ఉన్న మాట నిజమే కానీ వాటి లోపలికి వెళ్తే కదా, బయటంతా రంగులరాట్నాలు, బొమ్మల స్టాళ్లు, పిల్లల కేకలు, అచ్చం మన తిరనాళ్లే. ఎంట్రీకి టికెట్ లేదు. బుధవారం ఫ్యామిలీ డే, రైడ్లకి రేట్లు తగ్గిస్తారు కాబట్టి ఆ రోజు స్కూలు అవ్వగానే బయల్దేరి చీకటి పడకముందే వచ్చేయండి. శుక్ర, శనివారాల రాత్రిళ్లు మాత్రం పిల్లలతో అస్సలు వద్దు, టెంట్లలో బెంచీలెక్కి పాడేవాళ్లంతా ఒకేసారి ట్రైన్లకి వస్తారు. కారు తీయకండి, ఎస్-బాన్ (లోకల్ ట్రైన్)లో వెళ్లి బాడ్ కాన్‌ష్టాట్ స్టేషన్‌లో దిగితే కాస్త నడక, అంతే. చిన్నదానికి ట్రైన్ టికెట్ కూడా అక్కర్లేదు, ఆరేళ్లలోపు పిల్లలకి ఫ్రీ.

అసలు చూసుకోవాల్సింది తిండి. కేజెష్పెట్స్‌లె అనే నూడుల్స్ చూస్తే చీజ్ వేసిన వెజ్ ఐటమ్‌లాగే ఉంటుంది, కానీ ఆ పిండి కలిపేదే గుడ్డుతో. మౌల్టాషెన్ అని కజ్జికాయల్లా లోపల కూరి చేసేవి ఉంటాయి, వాటిలో మామూలుగా మాంసం పెడతారు. బంగాళదుంప అట్లలో కూడా చాలామంది గుడ్డు కలుపుతారు, పిల్లలు అడిగే గమ్మీ బేర్లలో ఎక్కువగా జంతువుల జెలటినే ఉంటుంది. పొమ్మెస్ (ఫ్రెంచ్ ఫ్రైస్) కొనేముందు అదే నూనెలో మాంసం వేయించారేమో అడగండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. ఆవిడకి వేయించిన బాదంపప్పు కొనిపెట్టండి, పెద్ద రాగి మూకుడులో బాదం, పంచదార, దాల్చినచెక్క వేసి పాకం గరుకుగా పట్టేదాకా తిప్పుతూనే ఉంటారు, ఆ వాసనకే కాళ్లు అటు లాగేస్తాయి. అయినా ఇంటి నుంచి పులిహోర డబ్బా ఒకటి పట్టుకెళ్తే నిశ్చింత.

దయచేసి ఆవిడని బ్యాగులకి కాపలా కూర్చోబెట్టకండి, జెయింట్ వీల్ ఎక్కించండి. పైకి వెళ్లాక నెకర్ నది, కొండవాలు మీద ద్రాక్షతోటలు కనిపిస్తాయి, అక్కడ ఆవిడకి ఈ మైదానం కథ చెప్పండి. 1815లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలింది, ఆ దెబ్బకి 1816లో ఇక్కడ ఎండాకాలమే రాలేదు, పంటలు పోయి జనం ఆకలికి అల్లాడారు. ఆ కరువు గట్టెక్కాక ఈ ప్రాంతపు రాజు మొదటి విల్‌హెల్మ్ 1818లో ఇక్కడ వ్యవసాయ ఉత్సవం పెట్టాడు, ఇప్పుడు ఏటా శరదృతువులో జరిగే ఫోక్స్‌ఫెస్ట్ అదే, మీరు వెళ్లేది దాని వసంతకాలపు చెల్లెలు. పంట పోవడమంటే ఏంటో మన పెద్దవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, వింటే ఈ ఊరు ఆవిడకి దగ్గరవుతుంది.

చీర మీద మంచి స్వెటరు, కాళ్లకి సాక్సు, బూట్లు ఉండాలి, ఏప్రిల్ ఎండని నమ్మడానికి లేదు. చిల్లర యూరోలు దగ్గర పెట్టుకోండి, కొన్ని స్టాళ్లలో కార్డు తీసుకోరు. డ్రింకు గ్లాసుకి డిపాజిట్ కట్టించుకుంటారు, తిరిగిచ్చి డబ్బులు తీసుకోవడం మర్చిపోకండి. ఇంకోటి, ప్రతి రైడ్ ముందు ఎంత ఎత్తున్న పిల్లల్ని ఎక్కించుకుంటారో బోర్డు ఉంటుంది, చిన్నదాన్ని క్యూలో నిలబెట్టకముందే చూసుకోండి.