సొంత పుస్తకానికి బంధుమిత్రుల చేత అమెజాన్‌లో సమీక్షలు రాయించుకోవచ్చా?

రాయించుకోకూడదు, రచయితగానీ, కుటుంబ సభ్యులుగానీ, దగ్గరి స్నేహితులుగానీ ఆ పుస్తకానికి సమీక్ష రాయడాన్ని అమెజాన్ నిబంధనలు అనుమతించవు, అలాంటివని తేలితే తొలగిస్తారు కూడా. పుస్తకం అమ్ముడుపోతే లాభపడేవారి మాటను, డబ్బు పెట్టి కొనబోయే పాఠకుడు నిష్పాక్షికమైన అభిప్రాయంగా నమ్మి మోసపోకూడదన్నదే దీని వెనుక ఉన్న కారణం. మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఆన్‌లైన్ సమీక్షల కోసం ఐఎస్ 19000 ప్రమాణాన్ని తెచ్చింది కూడా ఇలాంటి ఉద్దేశంతోనే.

ఉదాహరణకు, ఒక కథాసంపుటి వెలువడిన రోజే రచయిత ఇంటిపేరు ఉన్న నలుగురు ‘అద్భుతం, తప్పక చదవండి’ అంటూ ఐదేసి నక్షత్రాలు ఇచ్చారనుకుందాం. నిబంధన సంగతి అటుంచితే, ఆ వరస చూసిన పాఠకుడికే అనుమానం వస్తుంది. ఫలానా కథ ముగింపు తేలిపోయిందని చెబుతూ మూడు నక్షత్రాలిచ్చిన అపరిచితుడి నాలుగు వాక్యాలే పుస్తకానికి ఎక్కువ మేలు చేస్తాయి.

ప్రతులను ఉచితంగా పంచడం కూడా తప్పేనని చాలామంది పొరబడుతుంటారు. ప్రతిని ముందుగా ఉచితంగా ఇవ్వవచ్చు. అందుకు బదులుగా సమీక్ష రాయాలని షరతు పెట్టకూడదు, మంచిగానే రాయమని ఒత్తిడి చేయకూడదు, అంతే. ఇక బంధుమిత్రులు తమ ఫేస్‌బుక్ గోడ మీదో, వాట్సాప్ గ్రూపుల్లోనో పుస్తకం గురించి చెప్పడానికి ఈ నిబంధన అడ్డురాదు.