ఫ్లైట్ సిమ్యులేటర్‌కి హెడ్ ట్రాకింగ్ ఇంట్లో చేసుకోవచ్చా? చేసుకోండి, జాయ్‌స్టిక్ సంగతి తర్వాత

ప్రశ్న ఇది: "బెంగళూరులో ఉంటాను. ఫ్లైట్ సిమ్యులేటర్ పిచ్చి ఉంది. ట్రాక్ఐఆర్ కొనేంత బడ్జెట్ లేదు. తక్కువ ఖర్చులో హెడ్ ట్రాకింగ్ ఇంట్లోనే చేసుకోవచ్చా? ల్యాప్‌టాప్ కెమెరాతో పనవుతుందా? లేక ఆ డబ్బు దాచి మంచి జాయ్‌స్టిక్ కొనుక్కోవడం మేలా?"

చేసుకోవచ్చు. హెడ్ ట్రాకింగ్ అంటే మనం తల తిప్పితే సిమ్యులేటర్‌లో చూపు కూడా తిరగడం, ట్రాక్ఐఆర్ అంటే దానికోసం రెడీమేడ్‌గా అమ్మే పరికరం. నేను ఇంట్లోనే చేసుకున్నాను, ఇప్పటికీ అదే వాడుతున్నాను. మూడు ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీలు, ఒక పాత వెబ్‌క్యామ్, ఓపెన్‌ట్రాక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఇదే సరుకు. తలకి తగిలించిన ఎల్ఈడీలని కెమెరా చూస్తుంది, తల ఎటు తిరిగిందో సాఫ్ట్‌వేర్ లెక్క కడుతుంది. వెబ్‌క్యామ్ ఇంట్లో పడి ఉంటే మిగతా ఖర్చు ఒక బిర్యానీ పార్సిల్ దాటదు. ట్రాక్ఐఆర్ అమెరికాలోనే 150 డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది. షిప్పింగ్, కస్టమ్స్ కలుపుకుని మన చేతికి వచ్చేసరికి ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి.

ముందు మీ మూడో ప్రశ్న సంగతి చూద్దాం, నాకు ఒళ్లు మండేది అక్కడే. మా ఆఫీసులో సిమ్యులేటర్ ఆడేవాళ్లు కొందరున్నారు. అందరిదీ ఒకే వరస. మొదట జాయ్‌స్టిక్, తర్వాత థ్రాటిల్, తర్వాత రడ్డర్ పెడల్స్, ఆ తర్వాత వాటిని బిగించడానికి ప్రత్యేకంగా ఒక టేబుల్. చేతులకీ కాళ్లకీ అన్నీ సమకూరాయి. మెడ మాత్రం బిగుసుకుపోయినట్టు ఎదుటి అద్దంలోంచి నేరుగా చూస్తూ కూర్చుంటారు. విమానం నడపడంలో సగం పని పక్కకి చూడడమే అని నా గట్టి అభిప్రాయం.

నమ్మకపోతే సిమ్యులేటర్‌లో మన జక్కూరు ఏరోడ్రోమ్‌కి వెళ్లి, ఒక చిన్న సెస్నా విమానంతో ఎడమ సర్క్యూట్ కొట్టండి, అంటే లేచి, ఎడమ వైపే తిరుగుతూ రన్‌వే చుట్టూ ఒక చుట్టు వేసి మళ్లీ దిగండి. దిగే దిశకి ఎదురు దిశలో వెళ్లే డౌన్‌విండ్ దశలో రన్‌వే మీ ఎడమ పక్కన సమాంతరంగా ఉండి, మెల్లగా వెనక్కి జారిపోతూ ఉంటుంది. రన్‌వే మొదలు మీ ఎడమ భుజం వెనక 45 డిగ్రీలకి వచ్చిందా లేదా చూసుకుని బేస్‌కి, అంటే రన్‌వేకి అడ్డంగా వెళ్లే దారికి, తిరగాలి. జాయ్‌స్టిక్ మీద ఉండే హ్యాట్ స్విచ్‌తో ఆ చూపు తిప్పడం ఒక శిక్ష. బొటనవేలు అటు నొక్కుతుంటే పిడి కొంచెం కదులుతుంది, ముక్కు లేస్తుంది, ఎత్తు మారిపోతుంది. మళ్లీ ముందుకి చూసేసరికి రన్‌వే ఎక్కడుందో తెలియదు. తల తిప్పి చూడగలిగితే ఈ బాధేమీ లేదు. వెయ్యి రూపాయల జాయ్‌స్టిక్‌తో కూడా సర్క్యూట్ శుభ్రంగా వస్తుంది. కాబట్టి హెడ్ ట్రాకింగ్ ముందు, జాయ్‌స్టిక్ తర్వాత. ఇందులో నాతో వాదించకండి.

ఇక సరుకు ఎక్కడ దొరుకుతుంది? ఆన్‌లైన్‌లో వద్దు. నేను మొదట అక్కడే తెప్పించాను. ఎల్ఈడీ వెలుతురు తరంగం పొడవు 850 నానోమీటర్లని రాసి 940 పంపారు. టీవీ రిమోట్లలో సాధారణంగా ఉండేది ఈ 940 రకం. వెబ్‌క్యామ్ సెన్సర్‌కి ఇది మసకగా కనిపిస్తుంది, 850 అయితే బాగా కనిపిస్తుంది. తేడా పట్టుకోవడం తేలిక: 850 రకాన్ని వెలిగించి చీకట్లో దగ్గరగా చూస్తే లోపల సన్నగా ఎర్రటి చుక్క కనిపిస్తుంది, 940 లో అదీ ఉండదు. తిరిగి పంపుదామంటే, మూడు రూపాయల వస్తువుకి రిటర్న్ లేదన్నారు. అందుకే బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్పీ రోడ్‌కి వెళ్లండి. చిక్‌పేట మెట్రోలో దిగి నడవండి. శనివారం వెళ్లండి, ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఖాళీ దొరికేదే ఆదివారం అని ఆ వీధికి ఎవరు చెప్పాలి!

నేను వెళ్లిన షాపు ఒక మెట్ల కింద ఉంది. కూర్చున్న పెద్దాయనది హిందూపురం. నా తెలుగు వినగానే ఆయన కన్నడం ఆపేశాడు. ఎల్ఈడీలు అడిగితే "ఏమప్పా, రిమోట్ పాడయ్యిందా?" అన్నాడు.

"కాదన్నా, కంప్యూటర్‌లో విమానం నడుపుతాను. నేను తల తిప్పితే అందులో కూడా తిరగాల."

"తల తిప్పితే విమానం తిరుగుతాదా?"

"విమానం కాదన్నా, చూపు."

ఆయన నన్ను కిందికీ పైకీ చూసి, "ఉద్యోగం ఉందా అప్పా నీకు?" అన్నాడు. ఉందని ఐడీ కార్డు చూపించాక ఎల్ఈడీల డబ్బా తీశాడు.

అసలు నాకు కావలసింది ఇంకొకటి ఉంది: ఫ్లాపీ డిస్క్. కెమెరాకి మామూలు వెలుతురు కనిపించకూడదు, ఇన్‌ఫ్రారెడ్ ఒక్కటే కనిపించాలి. ఫ్లాపీ లోపల ఉండే నల్లటి పలుచటి బిళ్ల సరిగ్గా ఆ పనే చేస్తుంది. కౌంటర్ దగ్గరున్న కుర్రాడు "ఎన్ని జీబీది సార్?" అన్నాడు. పెద్దాయన నవ్వి, తనే స్టూలెక్కి అటక మీద నుంచి ఒక అట్టపెట్టె దించాడు. మౌసులు, ప్రింటర్ కేబుళ్ల అడుగున రెండు ఫ్లాపీలు. ఒకదాని మీద బాల్‌పెన్‌తో "టాలీ బ్యాకప్, మార్చి" అని రాసి ఉంది. ఎవరి లెక్కలన్నా ఇవి అంటే, ఆ అంగడే లేదిప్పుడు అని చెప్పి స్క్రూడ్రైవర్‌తో రేకు లేపాడు. ప్లాస్టిక్ విడగొట్టి బిళ్ల నా చేతిలో పెట్టి, లోపలి చిన్న స్ప్రింగు మాత్రం తన జేబులో వేసుకున్నాడు. ఎందుకో అడగలేదు.

తర్వాత ఆయనే పరీక్ష పెట్టాడు. మూడు ఎల్ఈడీలని వరసగా కలిపి, బల్ల మీదున్న పవర్ సప్లైకి తగిలించాడు. నా ఫోన్‌లో సెల్ఫీ కెమెరా తెరిచాం. వెనక కెమెరాలకి ఫిల్టర్ గట్టిగా ఉంటుంది, ముందు కెమెరాలో చాలా ఫోన్లకి ఇన్‌ఫ్రారెడ్ కనిపిస్తుంది. ఊదారంగులో మూడు చుక్కలు వచ్చాయి. ఆ నల్ల బిళ్లని కెమెరాకి అడ్డం పెట్టాను. షాపు, ట్యూబ్‌లైటు, ఆయన మొహం, అన్నీ మాయమయ్యాయి. చుక్కలు మూడూ అలాగే ఉన్నాయి. "అదేందప్పా, నల్లదాంట్లో నుంచి లైటు వస్తాంది!" అని కుర్రాణ్ణి పిలిచి చూపించాడు. అంత సంబరపడి కూడా ఫ్లాపీకి ఇరవై రూపాయలు తీసుకున్నాడు. పాత సామానే కదన్నా అంటే, "పాతది కాదప్పా, యాంటిక్" అన్నాడు.

ఫ్లాపీ దొరక్కపోతే పాత కెమెరా రీలు చివర, వెలుతురు తగిలి పూర్తిగా నల్లబడిన కలర్ నెగెటివ్ ముక్క రెండు పొరలు వేసినా సరిపోతుంది.

వెబ్‌క్యామ్‌ని విప్పడం అనుకున్నంత కష్టం కాదు. లెన్స్ మరలాగా తిరుగుతుంది. విప్పి వెనక చూస్తే పక్కనుంచి ఎర్రగానో ఆకుపచ్చగానో మెరిసే చిన్న గాజు ముక్క ఉంటుంది. ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపేది అదే. గుండుసూదితో అంచు దగ్గర లేపి తీసేయాలి, ఆ స్థానంలో ఫ్లాపీ ముక్క పెట్టాలి. ఫోకస్ కొంచెం మారుతుంది కాబట్టి లెన్స్‌ని మళ్లీ తిప్పి సరిచేసుకోవాలి. సెకండ్ హ్యాండ్‌లో ప్లేస్టేషన్ 3 ఐ కెమెరా దొరికితే వదలకండి. 2007 నాటి సరుకే గానీ 640 బై 480 లో సెకనుకి 60 ఫ్రేములు ఇస్తుంది. కొత్త వెబ్‌క్యామ్‌లు 1080 పిక్సెళ్లని గొప్పలు చెప్పి 30 దగ్గర ఆగిపోతాయి. ఇక్కడ మనకి కావలసింది మూడు చుక్కలు, మన మొహం అందం కాదు.

ఎల్ఈడీల వైరింగ్‌లో పెద్ద విద్యేం లేదు. యూఎస్‌బీలో 5 వోల్టులు వస్తాయి. ఒక్కో ఎల్ఈడీకి సుమారు 1.4 పోతుంది, మూడింటికీ 4.2. మిగిలిన 0.8 వోల్టులకి ఒక 47 ఓమ్‌ల రెసిస్టర్ వేస్తే కరెంటు 20 మిల్లీయాంపుల లోపు ఉంటుంది. అంతకంటే ఎక్కువ తోయకండి, కంటికి కనిపించని వెలుతురు కాబట్టి కన్ను తనంతట తాను చిన్నదవ్వదు. ఎల్ఈడీ తల గుండ్రంగా ఉంటే వెలుతురు సన్నటి ధారలా పోతుంది, తల కాస్త తిప్పగానే కెమెరాకి చుక్క కనిపించదు. జీరో నంబర్ ఉప్పుకాగితంతో ఆ గుండ్రాన్ని చదును చేసి గరుకు చేయండి. మూడింటినీ హ్యాంగర్ తీగకి కట్టి, హెడ్‌ఫోన్ ఎడమ పక్కన బిగించండి: ఒకటి పైన, ఒకటి కింద, మధ్యది కాస్త ముందుకో వెనక్కో. మూడూ ఒకే గీత మీద ఉండకూడదు. స్కేలుతో కొలిచి ఆ మిల్లీమీటర్లని ఓపెన్‌ట్రాక్‌లో క్లిప్ మోడల్ కింద ఇవ్వాలి. ఆ మూడు చుక్కల ఆకారం ఎలా మారుతోందో చూసే తల ఎటు తిరిగింది, ఎటు వంగింది, ఎంత ముందుకి వచ్చింది, ఆరు కదలికలూ లెక్క కడుతుంది. ట్రాక్ఐఆర్‌ది కూడా ఇదే సూత్రం. కెమెరా సెకనుకి 120 ఫ్రేములు, డబ్బా అందంగా ఉంటుంది, అంతే.

మన అద్దె ఇళ్ల సంగతి ఒకటి చెప్పాలి. మాది పడమటి కిటికీ. సాయంత్రం ఎండ నా భుజం మీదుగా నేరుగా కెమెరాలోకి వస్తుంది. ఎండ నిండా ఇన్‌ఫ్రారెడ్డే. దాంతో చూపు ఉన్నట్టుండి కాక్‌పిట్ నేల మీదకి పడేది. బ్లైండ్స్ వేసుకుంటానంటే ఓనర్ గోడకి మేకు కొట్టనివ్వడు. పది నెలల అడ్వాన్స్ తీసుకున్నవాడికి నాలుగు మేకులు బరువయ్యాయి! చివరికి దుప్పటి అడ్డం కట్టాను. ఇంకోసారి అమ్మ ఊరి నుంచి వచ్చినప్పుడు, ఫైనల్‌లో, అంటే రన్‌వేకి ఎదురుగా దిగుతుంటే, చూపు రెక్క వైపు ఊగడం మొదలుపెట్టింది. కేబుళ్లన్నీ పీకి చూశాను, అన్నీ బాగానే ఉన్నాయి. వెనక్కి తిరిగి చూస్తే, శుక్రవారం కదా, దేవుడి పటాల దగ్గర అమ్మ దీపం పెట్టింది. ఒత్తి మంటని నాలుగో చుక్క అనుకుంటోంది సాఫ్ట్‌వేర్. దీపం ఆర్పమని అడిగే ధైర్యం నాకు లేదు, టేబులే ఇంకో మూలకి జరిపాను. ఇంట్లో మామూలు ఎల్ఈడీ బల్బులతో ఈ ఇబ్బంది ఉండదు, పాత పసుపు బల్బులుంటే తీసేయండి. కెమెరా సెట్టింగుల్లో ఆటో ఎక్స్‌పోజర్ ఆపేసి, ఎక్స్‌పోజర్ బాగా తగ్గించండి. తెర మీద మూడు తెల్ల చుక్కలు తప్ప ఇంకేమీ కనిపించకూడదు.

ఇంత చేశాక చాలామంది వదిలేసేది కర్వ్ దగ్గర, అంటే తల ఎంత తిరిగితే చూపు ఎంత తిరగాలో ఓపెన్‌ట్రాక్‌లో గీసే గీత దగ్గర. తల పది డిగ్రీలు తిప్పితే సిమ్యులేటర్‌లో కూడా పదే తిరగాలనుకుంటారు. అప్పుడు వెనక్కి చూడాలంటే మానిటర్ నుంచి కళ్లు తప్పించాలి కదా! తల ముప్పై డిగ్రీలు తిరిగేసరికి చూపు నూటయాభై దాకా పోవాలి. మధ్యలో ఐదారు డిగ్రీలు మాత్రం కర్వ్‌ని దాదాపు చదునుగా ఉంచండి, లేకపోతే ఊపిరి పీల్చినప్పుడల్లా కాక్‌పిట్ వణుకుతుంది. ఓపెన్‌ట్రాక్‌లో వణుకు తగ్గించే ఫిల్టర్‌గా ఆక్సెలా ఎంచుకుని స్మూతింగ్ కొద్దికొద్దిగా పెంచుతూ వెళ్లండి. సెంటర్ చేసే బటన్‌ని జాయ్‌స్టిక్ మీదే పెట్టుకోండి, కుర్చీలో జారగిలపడిన ప్రతిసారీ అవసరమే. ఓపెన్‌ట్రాక్ ఆ కదలికని ఆటకి పంపే దారి అవుట్‌పుట్: మైక్రోసాఫ్ట్ పాత సిమ్యులేటర్ ఎఫ్ఎస్ఎక్స్‌కి సిమ్‌కనెక్ట్, చాలా ఆటలకి ఫ్రీట్రాక్ 2.0. ఎక్స్-ప్లేన్, ఫ్లైట్‌గేర్ అనే సిమ్యులేటర్లకి వేరేగా ఉన్నాయి.

మిగిలింది ల్యాప్‌టాప్ కెమెరా ప్రశ్న. పనవుతుంది. ఓపెన్‌ట్రాక్‌లోనే న్యూరల్‌నెట్ ట్రాకర్ ఉంది, ఎల్ఈడీలు అక్కర్లేకుండా మొహం చూసి పట్టుకుంటుంది. ఈ రాత్రికే పెట్టి చూడండి, రుచి తెలుస్తుంది. గదిలో వెలుతురు తగ్గితే తడబడుతుంది, అసలే సిమ్యులేటర్ నమిలేస్తున్న ప్రాసెసర్‌లో ఇంకాస్త తినేస్తుంది. నాకైతే చుక్కలంత నిలకడ దానిలో కనిపించలేదు. కానీ ఆ కెమెరాని మాత్రం విప్పి ఫిల్టర్ తీయకండి, ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే అసలే వద్దు. ఫిల్టర్ లేని కెమెరాలో నల్ల చొక్కా కూడా వంకాయ రంగులో కనిపిస్తుంది, స్టాండప్ మీటింగ్‌లో మేనేజర్ అడిగితే చెప్పడానికి మీ దగ్గర కథ ఉండదు.